చిన్న వ్యాపారానికి సరైన ఫాలోవర్లు: ఎవరు కావాలో తేల్చుకోవడం, వారిని రప్పించుకోవడం

పాత పుస్తకాలకు బైండింగ్ చేసే ఒక చిన్న దుకాణం ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను కొంతకాలం నేను చూసుకున్నాను. ఒకే వారంలో అందులో రెండు వీడియోలు పెట్టాము. మొదటిది, అప్పట్లో అందరూ వాడుతున్న ఒక సరదా ఆడియోకు దుకాణంలో పనిచేసే కుర్రవాళ్లు పెదవులు కదిపిన రీల్. రెండవది, వెన్ను విరిగి ఫారాలు (కలిపి మడిచిన పేజీల కట్టలు) ఊడిపోయిన ఒక నిఘంటువును బల్ల మీద పెట్టి, ఎండి గట్టిపడిన పాత జిగురును కత్తి మొనతో నెమ్మదిగా గీకి, మైనం పట్టించిన దారంతో ఒక్కొక్క ఫారాన్ని తిరిగి కుడుతున్న వీడియో. మొదటి దానిని వేలమంది చూశారు, దానితో వందల్లో కొత్త ఫాలోవర్లు వచ్చారు. రెండవ దానిని చూసినవారు అందులో పదోవంతు కూడా ఉండరు. అయితే దాని కిందే ఒకరు, "మా నాన్నగారి పుస్తకం కూడా సరిగ్గా ఇలాగే ఉంది, కాగితం పెళుసుబారితే కుట్టు నిలుస్తుందా?" అని అడిగారు. మరునాటికి మరో ముగ్గురు తమ పుస్తకాల ఫొటోలు తీసి మెసేజ్‌లో పంపారు. రీల్ చూసి వచ్చిన వందలమందిలో పుస్తకం మాట ఎత్తినవారు ఒక్కరూ లేరు.

ఫాలోవర్ల సంఖ్య పెరగడం వేరు, వ్యాపారానికి పనికివచ్చే ఫాలోవర్లు రావడం వేరు. మీ దగ్గర కొనేవారు, కొనేవారికి మీ పేరు చెప్పేవారు, ఒకసారి కొని మళ్లీ రాగలవారు, ఈ మూడు రకాలవారే చిన్న వ్యాపారానికి సరైన ఫాలోవర్లు. వారిని గుర్తించి, వారికి కనిపించి, వారిని నిలుపుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఈ పనికి ఓపిక కావాలి; కానీ పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

సంబంధం లేని ఫాలోవర్లు ఎందుకు నష్టం

"కొనకపోతే పోనీ, ఫాలోవర్ల సంఖ్య పెద్దదిగా కనిపిస్తే మంచిదే కదా" అని చాలామంది వ్యాపారులు నాతో అన్నారు. ఆ మాట మొదటి చూపుకు సబబుగానే ఉంటుంది. కానీ ఈ వేదికలు పనిచేసే తీరు తెలిస్తే అందులోని నష్టం అర్థమవుతుంది. ఒకప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు పెట్టిన సమయాన్ని బట్టి వరుసగా కనిపించేవి. 2016లో ఆ పద్ధతి మారి, ఎవరికి ఏది నచ్చే అవకాశం ఎక్కువగా ఉందో అంచనా కట్టి ముందు దానిని చూపించే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ప్రధాన వేదికలన్నీ దాదాపు ఇదే దారిలో నడుస్తున్నాయి. ఒకరు మీ పోస్టును ఎంతసేపు చూశారు, లైక్ కొట్టారా, ఎవరికైనా పంపారా, మీ ప్రొఫైల్‌ లోపలికి వచ్చారా, ఇంతకుముందు మీతో మాట్లాడారా అన్న గుర్తులే ఆ అంచనాకు ఆధారం.

అందువల్ల, మీ పని మీద ఏ ఆసక్తీ లేనివారు వెయ్యిమంది చేరితే, మీరు అసలు పని గురించి పెట్టిన పోస్టును ఆ వెయ్యిమందీ వేలితో తోసేసి ముందుకు వెళ్లిపోతారు. ఈ ఖాతా ఎలాంటివారికి నచ్చుతుందో తెలుసుకోవడానికి వ్యవస్థకు అందే గుర్తులన్నీ అలా కలగాపులగం అవుతాయి. మిమ్మల్ని ఫాలో కానివారికి మీ పోస్టు చేరాలన్నా ఇదే చిక్కు వస్తుంది. పోస్టును ముందుగా, నచ్చవచ్చని తాము భావించిన కొద్దిమందికి చూపించి, వారి స్పందన బాగుంటే దానిని మరికొందరికి విస్తరిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2024లో స్వయంగా వివరించింది. ఆ కొద్దిమంది ఎవరో ఆ వ్యవస్థ సరిగ్గా ఊహించాలంటే, మీ ఖాతా దేని గురించినదో దానికి స్పష్టంగా తెలియాలి.

పైకి కనిపించని నష్టం మరొకటి ఉంది. ఫాలోవర్లు ఏ ప్రాంతాలవారు, ఏ వయసువారు, ఏ వేళల్లో ఫోన్ చూస్తారు అన్న వివరాలను వ్యాపార ఖాతాలకు ఇచ్చే ఇన్‌సైట్స్ చూపిస్తుంది. ఫాలోవర్లలో సగం మంది దారితప్పి వచ్చినవారే అయితే, ఆ వివరాలను నమ్మి మీరు తీసుకునే నిర్ణయాలు కూడా దారి తప్పుతాయి. మీ సరుకును పంపలేని దూరప్రాంతాలవారు మెలకువగా ఉండే వేళకు పోస్టు పెట్టి ప్రయోజనం లేదు.

ముందుగా చేయవలసిన పని: పాత కొనుగోలుదారులను చదవడం

సరైన ఫాలోవరు ఎలా ఉంటారో ఊహించడానికి కూర్చోవద్దు. "25 నుంచి 40 ఏళ్ల వయసు, చదువుకున్నవారు" అన్నట్టుగా రాసుకునే వర్ణనలు పోస్టు రాసేటప్పుడు దేనికీ అక్కరకు రావు. వాటికి బదులు, మీ దగ్గర చివరిగా కొన్న ఇరవైమందిని గుర్తు తెచ్చుకోండి. బిల్లు పుస్తకం, ఫోన్‌లోని మెసేజ్‌లు, కొరియర్ రశీదులు ముందు పెట్టుకోండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా మూడు విషయాలు రాయండి: వారు రావడానికి ముందు ఏం జరిగింది, మొదటి మెసేజ్‌లో ఏ మాటలు వాడారు, డబ్బు ఇచ్చే ముందు దేని గురించి సందేహించారు.

బైండింగ్ దుకాణం విషయంలో ఈ పని ఒక మధ్యాహ్నంలో పూర్తయింది. అందులో తేలిన సంగతి యజమానికే ఆశ్చర్యం కలిగించింది. తన కొనుగోలుదారులు పుస్తక ప్రియులని ఆయన అనుకునేవారు. నిజానికి ఇరవైమందిలో ఎక్కువమంది పెద్దగా పుస్తకాలు చదివేవారు కాదు. ఇంట్లో పెద్దవారు పోయిన తరువాత అలమరలు సర్దుతూ, వారు వాడిన ఒక పుస్తకాన్ని పారేయలేక తెచ్చినవారు. వారెవరూ "బైండింగ్" అనే మాటను మొదట వాడలేదు. "పేజీలు ఊడిపోతున్నాయి", "అట్ట విడిపోయింది", "ముట్టుకుంటే చిరిగిపోతోంది" అన్నారు. వారి సందేహం కూడా ఖర్చు గురించి కాదు. పుస్తకం మార్జిన్లలో నాన్నగారో అమ్మగారో రాసుకున్న చేతిరాత, అంచులు కత్తిరించేటప్పుడు పోతుందేమోనని వారి భయం. ఈ ఒక్క సంగతి తెలిసిన తరువాత ఆ ఖాతాలో ఏం రాయాలో, ఏం చూపించాలో మాకు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

మీ జాబితాలో కొనేవారితో పాటు, కొనేవారిని పంపేవారు కూడా కనిపిస్తారు. గ్రంథాలయాల్లో పనిచేసేవారు, పాత పుస్తకాలు అమ్మేవారు బైండర్‌కు అలాంటివారు. పెళ్లి ఫొటోలు తీసేవారికి అలంకరణ చేసేవారు, కుక్కలకు శిక్షణ ఇచ్చేవారికి పశువైద్యులు అలాంటివారే. వీరిలో ఒక్కరు ఫాలో అయితే, వారి వెనుక ఏళ్ల తరబడి ఎందరో రావచ్చు. కాబట్టి వారి కోసం ప్రత్యేకంగా కొన్ని పోస్టులు పెట్టడం ఎంతో విలువైన పని.

ఎవరు అక్కరలేదో కూడా అదే కాగితం మీద రాయండి. ఉచితంగా సలహా మాత్రమే కోరేవారు, మీరు చేయని పని అడిగేవారు, మీరు చేరలేని ప్రాంతాలవారు, మీ పనినే నేర్చుకోవాలని చూసే తోటి వృత్తివారు. వారి మీద కోపం అవసరం లేదు, వారిని తరిమేయాలని కూడా కాదు. వారిని మెప్పించడానికి పోస్టులు పెట్టకూడదన్నది మీకు గుర్తుండాలి, అంతే. చేతిపనులు చేసేవారిలో ఎంతోమంది తెలియకుండానే తోటి పనివారి మెప్పు కోసం రాస్తుంటారు. పనిముట్ల సూక్ష్మ వివరాలకు తోటివారి నుంచి మంచి లైకులు వస్తాయి గాని, వారు ఎప్పటికీ కొనేవారు కాదు.

ఏ వేదిక

దీని మీద ఎక్కువసేపు తర్జనభర్జన పడవలసిన పని లేదు. ఒంటరిగానో ఇద్దరు ముగ్గురితోనో నడిచే వ్యాపారం ఒక వేదికను బాగా చూసుకోగలదు, మహా అయితే రెండింటిని. "ఇది ఎలా బాగుచేయాలి" అని వెతికి తెలుసుకునే విషయమైతే యూట్యూబ్, కంటికి నచ్చితే కొనే వస్తువైతే ఇన్‌స్టాగ్రామ్ లేదా పింటరెస్ట్, ఇతర సంస్థలకు అమ్మేదైతే లింక్డ్‌ఇన్, ఒక ప్రాంతంలోని కుటుంబాలకు సేవ అందించేదైతే ఫేస్‌బుక్ గ్రూపులు సాధారణంగా అనువుగా ఉంటాయి. తేల్చుకోలేకపోతే ఆ ఇరవైమందిలో ఐదుగురిని అడగండి: ఇలాంటి అవసరం వస్తే ఎక్కడ వెతుకుతారు? వారు చెప్పిన చోటే మొదలుపెట్టండి.

ప్రొఫైల్: ఐదు క్షణాల్లో తేలిపోయే విషయం

మీ పోస్టు నచ్చి ప్రొఫైల్‌లోకి వచ్చిన వ్యక్తి "ఇది నా కోసమేనా?" అన్న ఒక్క ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటాడు. అది వెంటనే దొరకకపోతే వెళ్లిపోతాడు. సరైనవాడు ఆగాలి, సంబంధం లేనివాడు ఫాలో బటన్ నొక్కకుండానే వెనక్కి వెళ్లాలి. మంచి ప్రొఫైల్ ఈ రెండు పనులనూ చేస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో బయోకు, అంటే పేరు కింద రాసుకునే పరిచయానికి, ఉన్న చోటు 150 అక్షరాలు. బైండింగ్ దుకాణం పాత బయోలో "నాణ్యతే మా ధ్యేయం, నమ్మకమే మా పెట్టుబడి, మీ సంతృప్తే మా ఆనందం" అని ఉండేది. ఆ మూడు మాటలనూ ఏ దుకాణం గోడ మీద రాసినా సరిపోతాయి. దానిని తీసేసి ఇలా రాశాము: "పేజీలు ఊడిన, అట్ట విడిపోయిన పాత పుస్తకాలను చేతికుట్టుతో నిలబెడతాము. మార్జిన్‌లోని చేతిరాత పోదు. ముందుగా పుస్తకం ఫొటో పంపండి." ఇందులో వచ్చేవారి మాటలే ఉన్నాయి, వారి భయానికి జవాబు ఉంది, తరువాత ఏం చేయాలో కూడా ఉంది. కొత్త పుస్తకాలను వందల ప్రతులు బైండింగ్ చేయించుకోవాలనుకునేవారు ఇది చదివి ఇది తమ చోటు కాదని గ్రహిస్తారు. దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే ఆ పనికి కావలసిన యంత్రాలే ఆ దుకాణంలో లేవు.

పేరు రాసే గడిని కూడా వృథా చేయకండి. వెతుకులాటలో యూజర్‌నేమ్, పేరు, బయో, క్యాప్షన్, హ్యాష్‌ట్యాగ్, ప్రదేశం, వీటిలోని మాటలను లెక్కలోకి తీసుకుంటారు కనుక, వ్యాపారం పేరు పక్కన చేసే పని కూడా రాయాలి. మీరు ఒక ప్రాంతానికే సేవ చేసేవారైతే ఆ ప్రాంతం పేరు తప్పక ఉండాలి. పైన పిన్ చేయడానికి వీలున్న మూడు పోస్టుల్లో ఒకటి మీరు ఏం చేస్తారో చూపించాలి, ఒకటి ఖర్చు, గడువు, పంపే విధానం చెప్పాలి, ఒకటి అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే సందేహానికి జవాబు కావాలి.

ఏం పెట్టాలి

ఇక్కడే ఎక్కువ శ్రమ పడాలి, ఫలితమూ ఇక్కడి నుంచే ఎక్కువగా వస్తుంది. చాలామంది "ఈరోజు ఏం పెట్టాలి?" అని ఖాళీ తెర ముందు కూర్చుంటారు. ఆ ప్రశ్న వేసుకోకండి. ఈ వారం కొనడానికి వచ్చినవారు ఏం అడిగారో చూసుకోండి. మెసేజ్‌లో వచ్చిన ప్రతి ప్రశ్న వెనుక అదే సందేహంతో అడగకుండా ఆగిపోయినవారు ఎందరో ఉంటారు. "కాగితం పెళుసుబారితే కుట్టు నిలుస్తుందా?" అన్న ప్రశ్నకు మెసేజ్‌లో ఒక్కరికి జవాబిచ్చి ఊరుకోకుండా, పెళుసుబారిన ఒక కాగితపు మూలను నెమ్మదిగా మడిచి చూపించి, ఇది విరిగితే కుట్టు పనికిరాదు, అప్పుడు పేజీ మడత వెంబడి పల్చని కాగితపు పట్టీ అతికించి ఆ పట్టీని కుట్టాలి అని చెబుతూ ఒక నిమిషం వీడియో తీశాము. ఆ వీడియో చూసి వచ్చినవారు అందరూ చేతిలో అలాంటి పుస్తకం ఉన్నవారే.

ప్రశ్నలకు జవాబుల తరువాత, పనిని దగ్గరగా చూపించే పోస్టులు బాగా పనిచేస్తాయి. పూర్తయిన వస్తువు ఫొటో అందంగా ఉంటుంది, కానీ చూసేవారిలో నమ్మకం కలిగేది పని మధ్యలో. జిగురు ఆరడానికి ఎందుకు రాత్రంతా బరువు కింద ఉంచుతారో, తొందరపడి తీస్తే అట్ట ఎలా వంకర పోతుందో చూసినవారికి గడువు ఎందుకు అంత అడుగుతున్నారో మీరు చెప్పకుండానే తెలుస్తుంది. బేరాలు తగ్గడానికి కూడా ఇది మంచి మార్గమని నా అనుభవం.

మీరు చేయని పనులను గురించి కూడా నిర్మొహమాటంగా రాయండి. "ఈ మూడు రకాల పుస్తకాలను మేము తీసుకోము, ఎందుకంటే..." అన్న పోస్టు పెట్టడానికి ఆ యజమాని చాలా రోజులు తటపటాయించారు. వచ్చే వ్యాపారాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టు అవుతుందని ఆయన అనుమానం. అది పెట్టిన తరువాత పనికిరాని విచారణలు తగ్గాయి, వచ్చినవారు మరింత గౌరవంగా మాట్లాడారు. చేయలేనిదాన్ని చేయలేమని చెప్పేవారు, చేయగలమన్నదాన్ని తప్పక చేస్తారన్న నమ్మకం మనుషుల్లో సహజంగా ఉంటుంది. ఖర్చు విషయం కూడా అంతే. కచ్చితమైన అంకె చెప్పలేకపోతే, ఎంత నుంచి ఎంత వరకు అవుతుందో, ఏ కారణాలవల్ల పెరుగుతుందో రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అన్న మాట చూసి సరైన కొనుగోలుదారుల్లో ఎంతోమంది మౌనంగా తప్పుకుంటారు.

క్యాప్షన్ రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే ఎవరి కోసమో తెలియాలి. "ఇంట్లో పెద్దల పుస్తకం ఒకటి పేజీలు ఊడిపోయి ఉంటే, దానికి సెల్లోటేపు అతికించే ముందు ఇది చూడండి" అని మొదలుపెడితే, అలాంటి పుస్తకం ఉన్నవారు ఆగుతారు, లేనివారు వెళ్లిపోతారు. హ్యాష్‌ట్యాగ్‌లు నాలుగైదు చాలు. అవి కూడా మీ పనికి, మీ కొనుగోలుదారుకు నేరుగా సంబంధించినవే కావాలి. కోట్ల పోస్టులున్న సాధారణ హ్యాష్‌ట్యాగ్‌లో మీ మాట సంతలో గుసగుస అవుతుంది. "మీ స్నేహితులు ముగ్గురిని ట్యాగ్ చేయండి", "అవునంటే లైక్, కాదంటే షేర్" వంటి అభ్యర్థనల జోలికి పోవద్దు. ఇలాంటి పోస్టుల వ్యాప్తిని తగ్గిస్తామని ఫేస్‌బుక్ 2017 చివరలోనే ప్రకటించింది. పైగా అవి పోగుచేసే జనానికి మీ పనితో సంబంధం ఉండదు.

లైకుల కన్నా, ఒకరు మరొకరికి పంపిన పోస్టులను గమనించండి. మీకు తెలియనివారికి పోస్టు చేరడంలో ఇలా పంపుకోవడం చాలా ముఖ్యమైన గుర్తు అని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి పలుమార్లు చెప్పారు. వ్యాపారి దృష్టితో చూసినా అది నిజమే. "నీ దగ్గర ఉన్న ఆ పుస్తకానికి ఇది పనికివస్తుందేమో చూడు" అని అన్న తమ్ముడికి పంపిన వీడియో, ఏ ప్రకటనా చేరలేని చోటికి చేరుతుంది. కాబట్టి పోస్టు రాయడం పూర్తయ్యాక ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనిని ఎవరు ఎవరికి పంపుతారు? ఇద్దరు మనుషులు స్పష్టంగా కనిపించకపోతే మళ్లీ రాయండి.

స్పందన తక్కువగా ఉందని కుంగిపోవద్దు. ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చూసి ఊరుకునేవారే, 9 శాతం మంది అప్పుడప్పుడు పాల్గొంటారు, ఎక్కువ సందడి చేసేది 1 శాతం మంది మాత్రమే అని వెబ్ వాడుకపై పనిచేసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. ప్రతిచోటా సరిగ్గా ఇవే అంకెలు ఉండవు గాని, నేను చూసిన ఖాతాల్లోనూ తీరు ఇదే. నెలల తరబడి ఒక్క లైక్ కూడా కొట్టకుండా చూస్తూ వచ్చి, ఒకరోజు నేరుగా పుస్తకంతో దుకాణానికి వచ్చినవారు ఉన్నారు. వారానికి ఎన్ని పోస్టులు అన్నదానికి నా సమాధానం ఒక్కటే: ఏడాది పాటు ఆపకుండా పెట్టగలిగినన్ని. రెండు మంచి పోస్టులు చాలు.

మొదటి ఫాలోవర్లు మీ దగ్గరే ఉన్నారు

ఇప్పటికే మీ దగ్గర కొన్నవారికి మించిన మంచి ఫాలోవర్లు దొరకరు. అయినా వ్యాపారులు ఎక్కువగా మరిచిపోయేది వారినే. సరుకు అప్పగించేటప్పుడు, బిల్లు మీద, ప్యాకెట్ లోపల పెట్టే చీటీ మీద ఖాతా పేరు ఉండాలి. దాని పక్కన ఫాలో అయితే ఏం లాభమో ఒక్క వాక్యం ఉండాలి. "మమ్మల్ని ఫాలో అవ్వండి" అన్నదానికి ఎవరూ కదలరు. "బాగుచేసిన పుస్తకాన్ని వానాకాలంలో తేమ నుంచి ఎలా కాపాడుకోవాలో మా ఇన్‌స్టాగ్రామ్‌లో చూపిస్తాము" అంటే కదులుతారు. వారు నిజమైన ఆసక్తితో చూస్తారు, సందేహాలు అడుగుతారు, తమ పుస్తకం కనిపిస్తే ఇంట్లోవారికి పంపుతారు. వ్యవస్థకు అందే గుర్తులు అక్కడి నుంచే శుభ్రపడడం మొదలవుతుంది. కొనుగోలుదారుల వస్తువులను, మాటలను చూపించే ముందు మాత్రం వారి అనుమతి తీసుకోవాలి. పుస్తకంలో పేర్లు, చిరునామాలు ఉంటే కనబడకుండా చేయాలి.

ఇతరుల దగ్గరున్న మీవారు

మీకు కావలసినవారు ఇప్పటికే ఎవరినో ఒకరిని ఫాలో అవుతున్నారు. పోటీదారులను వదిలేసి, మీకు ముందో తరువాతో ఆ కొనుగోలుదారుకు సేవ చేసే ఖాతాలను పది రాసుకోండి. రోజూ పావుగంట సేపు అక్కడికి వెళ్లి, నిజంగా పనికివచ్చే మాట ఒకటి రాయండి. పాత పుస్తకాలు అమ్మే ఖాతాలో ఎవరైనా "పురుగు పట్టకుండా ఏం చేయాలి?" అని అడిగితే, మీకు తెలిసిన జవాబును నాలుగు వాక్యాల్లో పూర్తిగా చెప్పండి. మీ దుకాణం పేరు, లింక్ పెట్టవద్దు. జవాబు బాగుంటే ఎవరు చెప్పారా అని వారే పేరు నొక్కి చూస్తారు. "సూపర్", "చాలా బాగుంది" వంటి వ్యాఖ్యలవల్ల ఎవరికీ లాభం లేదు.

కొంత పరిచయం పెరిగాక ఇద్దరూ కలిసి పోస్టు పెట్టవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లోని కొల్యాబ్ సౌకర్యంతో ఒకే పోస్టు ఇద్దరి ఖాతాల్లోనూ కనిపిస్తుంది. డబ్బు తీసుకుని ప్రచారం చేసేవారిని ఎంచుకోవలసివస్తే, వారి ఫాలోవర్ల సంఖ్యను పక్కన పెట్టి, చివరి పది పోస్టుల కింద వ్యాఖ్యలు చదవండి. అక్కడ మాట్లాడుతున్నవారు మీ ఇరవైమంది జాబితాలోనివారిలా ఉన్నారా, ప్రశ్నలు అడుగుతున్నారా, వాటికి జవాబులు వస్తున్నాయా? మూడింటికీ అవునని అనిపిస్తేనే ముందుకు వెళ్లండి. డబ్బు తీసుకున్న సంగతి పోస్టులో స్పష్టంగా చెప్పడం చాలా దేశాల్లో నిబంధన, చూసేవారి పట్ల కనీస మర్యాద కూడా.

కొన్న ఫాలోవర్లు, ఉచిత బహుమతులు

ఫాలోవర్లను డబ్బుకు కొనవద్దు. ఇందులో మినహాయింపు లేదు. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఒక్కసారిగా తొలగించినప్పుడు పేరున్నవారి ఫాలోవర్ల సంఖ్యలు సైతం రాత్రికి రాత్రి పడిపోయాయి. 2018లో ట్విట్టర్ కూడా స్తంభింపజేసిన ఖాతాలను ఫాలోవర్ల లెక్కలోంచి తీసేసింది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తెచ్చిన నియమం ప్రకారం, నకిలీవని తెలిసి, లేదా తెలిసి ఉండవలసిన స్థితిలో, వ్యాపారం కోసం ఫాలోవర్లను, వ్యూస్‌ను కొనడం, అమ్మడం నిషిద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, కొన్న ఖాతా మీ పోస్టు చూడదు, మీ పేరు ఎవరికీ చెప్పదు.

బహుమతి పోటీల విషయంలో మాత్రం ఒక సూక్ష్మం ఉంది. బహుమతిగా ఏం ఇస్తారన్నదే ఎవరు వస్తారో నిర్ణయిస్తుంది. ఫోనో ఇయర్‌ఫోన్లో ఇస్తామంటే, బహుమతుల కోసమే తిరిగే జనం వస్తారు, ఫలితాలు చెప్పిన మరునాడే చాలామంది వెళ్లిపోతారు. మేము ఒకసారి "మీ ఇంట్లో బాగుచేయవలసిన పుస్తకం కథ రెండు వాక్యాల్లో రాయండి, ఒకదానిని ఉచితంగా బాగుచేస్తాము" అని పెట్టాము. వచ్చినవి కొద్ది కథలే. కానీ రాసినవారందరి దగ్గరా ఒక పుస్తకం ఉంది. గెలవనివారిలో కొందరు తరువాత డబ్బు ఇచ్చే చేయించుకున్నారు.

ప్రకటనలకు డబ్బు పెట్టదలిస్తే, అంతకుముందు ప్రకటన లేకుండానే జనం ఒకరికొకరు బాగా పంపుకున్న పోస్టునే ఎంచుకోండి. లక్ష్యంగా లైకులను కాక మెసేజ్‌లను పెట్టండి. కొనుగోలుదారులను పోలినవారిని వెతికిపెట్టే సౌకర్యం ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లను నడిపే మెటా సంస్థ ప్రకటనల్లో ఉంది. అయితే దానికి ఒకే దేశానికి చెందినవారు కనీసం 100 మంది ఉన్న జాబితా కావాలి. ఆ జాబితా కొన్నవారిది కావాలి, ఫాలోవర్లది కాదు.

లెక్క చూసుకోవడం

నెలకొకసారి ఒక నోటుపుస్తకంలో నాలుగు అంకెలు రాయండి: కొత్తగా విచారించినవారు, వారిలో కొన్నవారు, మళ్లీ వచ్చినవారు, వేరొకరు చెబితే వచ్చినవారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి వారు చెప్పిన మాటనే రాసుకోండి, "ఆ నిఘంటువు వీడియో చూశాను" అన్నది ఏ గ్రాఫూ చెప్పలేని సమాచారం. వెబ్‌సైటు ఉన్నవారు లింకుల చివర యూటీఎం గుర్తులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చిన్న ట్యాగులు) జోడిస్తే ఏ పోస్టు నుంచి వచ్చారో తెలుస్తుంది. ఇన్‌సైట్స్‌లో సేవ్‌లు, షేర్లు, ఫాలోవర్ల ప్రాంతం చూస్తే చాలు. ఫాలోవర్ల మొత్తం సంఖ్యను ఆ పేజీలో చివర రాయండి.

ఇప్పటికే ఖాతా నిండా సంబంధం లేనివారు ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. కొన్న నకిలీ ఫాలోవర్లే సగానికి పైగా ఉంటే కొత్త ఖాతా తెరిచి, అసలు కొనుగోలుదారులను పిలుచుకోవడం మేలు. మిగిలిన సందర్భాల్లో పాత ఖాతానే సరిచేసుకోవచ్చు. స్పష్టంగా నకిలీవి అనిపించేవాటిని జాబితాలో ఒక్కొక్కటిగా తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్ ఆ సంగతి వారికి తెలియజేయదు. ఆ తరువాత మూడు నెలల పాటు పైన చెప్పిన తీరులోనే పోస్టులు పెట్టండి. మొదటి నెలలో సంఖ్య తగ్గుతుంది, రీచ్ (పోస్టు ఎంతమందికి చేరిందన్న లెక్క) కూడా తగ్గవచ్చు. అప్పుడు కంగారుపడి మళ్లీ సరదా రీల్స్ వైపు మళ్లవద్దు. బైండింగ్ దుకాణంలో ఆ తగ్గుదల దాదాపు ఆరు వారాలు సాగింది. ఆ రోజుల్లో యజమాని రోజూ ఉదయం ఫాలోవర్ల సంఖ్య చూసి నాకు ఫోన్ చేసేవారు. ఏడో వారంలో ఆయన చేసిన ఫోన్ వేరే విషయం గురించి: ఒక గ్రంథాలయ ఉద్యోగి పెళుసు కాగితం వీడియో చూసి, పదకొండు పుస్తకాల ఫొటోలు ఒకేసారి పంపి, అన్నింటినీ కుట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారట.